విద్యలనగరంలో వినడానికి ఒక గది కావాలి

సంపాదకులు గారికి నమస్కారాలు.

ఇయర్‌ఫోన్ల వల్ల కుర్రకారు చెవులు పాడవుతున్నాయని ఈ మధ్య మీ జిల్లా పేజీలో ఒక వ్యాసం వేశారు. వేయవలసిందే. అయితే ఆ వ్యాసం చివర, చెవులకు తగిలించుకునేవన్నీ పక్కన పెట్టి హాయిగా పాట వినమని ఒక సలహా ఉంది. ఎక్కడ వినాలో మాత్రం రాయలేదు. ఆ లోటే నా చేత ఈ ఉత్తరం రాయిస్తోంది. పొడుగైతే కత్తిరించుకోండి గాని చివరి పేరాల జోలికి వెళ్లకండి. నేను అడగదలచుకున్నది అక్కడ ఉంది.

ముందు నేనెవరో చెప్పాలి. 1982లో తంతి తపాలా శాఖలో ఫోన్ల మెకానిక్‌గా చేరి, అరవై నిండి 2019లో ఇంటికి వచ్చినవాణ్ని. శాఖ పేరు మధ్యలో మారుతూ వచ్చింది గాని నా పని మారలేదు. చెవికి రిసీవరు ఆనించి, లైనులో గరగర ఏ స్తంభం దగ్గర పుడుతోందో పట్టుకోవడమే ఆ పని. తడిసిన జాయింటుది ఒక చప్పుడు, తుప్పు పట్టిన జాయింటుది ఇంకొక చప్పుడు. పక్కనే కరెంటు తీగ వెళుతుంటే వచ్చే రొద వేరు. ముప్పై ఏడేళ్లు ఇదే నా కచేరీ. టెలిఫోను లైనులో మాట 300 నుంచి 3400 హెర్ట్జ్ వరకే, అంటే సెకనుకు అన్ని కంపనాల వరకే, ప్రయాణిస్తుంది. మనిషి చెవి 20 నుంచి 20 వేల హెర్ట్జ్ దాకా వింటుంది, అదీ వయసులో ఉన్నప్పుడు. మాట బోధపడడానికి ఆ సన్నటి సందు చాలునని పెద్దలు లెక్క కట్టారు, చాలింది కూడా. కాని అన్నేళ్లు ఆ సందులోంచే వినడం వల్ల కాబోలు, లోకంలో శబ్దమంటే అంతే ఉంటుందని నా చెవి స్థిరపడిపోయింది. రేడియోలో భక్తిరంజని వచ్చినా, టేపురికార్డరులో త్యాగరాజ కీర్తన వచ్చినా "లైను బాగుంది" అనుకునేవాణ్ని తప్ప పాట లోపలికి వెళ్లేవాణ్ని కాదు.

రెండేళ్ల కిందటి సంక్రాంతికి మా అల్లుడు హైదరాబాదు నుంచి వస్తూ ఒక హెడ్‌ఫోను తెచ్చాడు. చూడగానే నాకు నచ్చలేదు. చెవి డిప్పలకు వెనక మూత లేదు. మూత ఉండవలసిన చోట ఇనుప జాలీ ఉంది, అందులోంచి లోపలి సంగతులు కనిపిస్తున్నాయి.

"దీని మూత ఎక్కడో ఊడిపోయినట్టుందే" అన్నాను.

"ఊడలేదు మావయ్యగారూ, ఇవి ఓపెన్ బ్యాక్. ఇలాగే ఉంటాయి."

అది జర్మనీ వారి సెన్‌హైజర్ హెచ్‌డీ 600. 1997లో వచ్చిన నమూనా, ఇప్పటికీ అమ్ముతున్నారట. ఏడాది తిరగకుండా ఫోను పాతబడే రోజుల్లో పాతికేళ్లు దాటిన వస్తువు అంగడిలో నిలిచి ఉందంటే కొంచెం గౌరవం కలిగింది. వెనక మూత లేని హెడ్‌ఫోన్లను మొదట బజారులోకి తెచ్చింది కూడా ఆ కంపెనీయే, 1968లో.

తీగ చివర ప్లగ్గు చూశాక గౌరవం కాస్తా చుట్టరికం అయింది. చిటికెనవేలిలో సగం లావు, 6.3 మిల్లీమీటర్లు. మాన్యువల్ ఎక్స్ఛేంజీల్లో ఆపరేటర్లు బోర్డు మీద టకటకా గుచ్చి తీసే ప్లగ్గు జాతిదే! 19వ శతాబ్దంలో టెలిఫోన్ స్విచ్‌బోర్డుల కోసం పుట్టిన ప్లగ్గు ఇవాళ ఖరీదైన సంగీత సాధనాల చివర వేలాడుతోంది. డెసిబెల్ అన్న మాట మాత్రం ఎవరిది? ఫోను తీగ పొడవునా ధ్వని ఎంత నష్టపోతోందో కొలవడానికి మా వృత్తిలో పుట్టి, గ్రాహం బెల్ పేరు పెట్టుకున్న కొలత అది. ఇదంతా అల్లుడికి చెప్పాను. మర్యాదస్థుడు, కాఫీ చల్లారిపోతున్నా విన్నాడు.

నా ఫోనుకే తగిలించి పెట్టుకుంటే పాట పీలగా, ఎక్కడో దూరాన ఉంది. "ఇది ఎన్ని ఓములు?" అని అడిగాను. మూడు వందలన్నాడు. ఓములంటే కరెంటుకు తగిలే అడ్డు కొలత. అంత అడ్డుంటే ఇంకేముంది, ఫోనిచ్చే వోల్టేజీ దీనికి ఏ మూలకు? పెద్ద చెరువు నీళ్లను చెంబుతో తోడినట్టుంటుంది. అల్లుడు నవ్వి, జేబులోంచి అగ్గిపెట్టెంత ఆంప్లిఫయరు తీసి మధ్యలో పెట్టాడు.

నేను వెంటనే తల తిప్పి వీధి గుమ్మం వైపు చూశాను. అరుగు మీద ఎవరో కూర్చుని పాడుతున్నారనుకున్నాను.

ఇందులో మాయ లేదు, మెకానిక్‌గా చెబుతున్నాను. లోపల ఒక పల్చటి పొర ఉంటుంది. అది ముందుకు కదిలినప్పుడు చెవి వైపు గాలిని తోస్తుంది, వెనక్కి కదిలినప్పుడు డిప్ప వైపు తోస్తుంది. వెనక మూత ఉంటే ఆ గాలికి దారి లేక గోడకు కొట్టుకుని, కాస్త ఆలస్యంగా మళ్లీ చెవి దగ్గరికే వస్తుంది. కుండలో తల దూర్చి పాడితే మన గొంతే మనకు ఎలా వినిపిస్తుందో అలా ఉంటుంది వ్యవహారం. మూత తీసేస్తే వెనక గాలి వెనక నుంచే వెళ్లిపోతుంది. మన పాత ఇళ్లలో వీధి తలుపు, పెరటి తలుపు ఒకే వరసలో ఉండేవి గుర్తుందా? రెండూ తీస్తేనే ఇంట్లో గాలి ఆడుతుంది. ఇదీ అంతే, పాటకు గాలి ఆడుతుంది.

రెండు తలుపులూ తీసి పడుకుంటే కుక్కలూ వస్తాయి. దీని చిక్కు కూడా అదే. లోపలి పాట బయటికి పోతుంది, బయటి చప్పుడు లోపలికి వస్తుంది. సంక్రాంతి వెళ్లాక నా పింఛను డబ్బుతో నేనూ అలాంటి జతనే కొనుక్కుని (ధర అడగకండి, ఇంట్లోనూ అడగలేదు) మొదటి రాత్రి విన్నప్పుడు, పక్కన పడుకున్న మా ఆవిడ లేచి కూర్చుంది. "దోమ చెవిలో కాంభోజి పాడుతోంది, ఆపుతారా?" అంది. రాగం పేరు సరిగ్గా చెప్పినందుకు మెచ్చుకోబోయాను గాని అది సమయం కాదు. మర్నాటి నుంచి నా మకాం ముందు గదిలోకి మారింది.

పగలు మాత్రం ఆవిడకు ఇవి నచ్చాయి. అంతకు ముందు మా అబ్బాయి ఇచ్చిన మూత ఉన్నవి పెట్టుకుంటే కుక్కరు ఎన్ని కూతలు వేసినా నాకు తెలిసేది కాదు. ఇప్పుడు పాట నడుస్తుండగానే పాలవాడి పిలుపు, ఆకుకూరలమ్మి కేక వినబడతాయి, లేచి వెళ్తాను. పొద్దున్న పెరట్లో కోకిల కూసిందంటే అది పెరట్లోదో రికార్డులోదో ఒక క్షణం తేలదు. అది బాగుంటుంది. బాగుండనిది ఫ్యాను. ఓపెన్ బ్యాక్ హెడ్‌ఫోను పెట్టుకున్నాక తెలిసింది, మా సీలింగు ఫ్యాను మూడు రకాల చప్పుళ్లు చేస్తుందని. బేరింగు మార్చాను, రెక్కలు సరిచేశాను. గాలి కోసే చప్పుడు ఎక్కడికి పోతుంది?

కిందటి మే నెల, రాత్రి తొమ్మిదిన్నర. ఫ్యాను రెండో నంబరు మీద తిరుగుతోంది. ఫిడేలు విద్వాంసులు ద్వారం వెంకటస్వామి నాయుడుగారి పాత రికార్డు ఒకటి పెట్టుకున్నాను. నిమిషానికి 78 చుట్లు తిరిగే లక్క రికార్డు, ఒక పక్కకు మూడు మూడున్నర నిమిషాలు. దాన్ని ఎవరో పుణ్యాత్ములు కంప్యూటర్లోకి ఎక్కించారు. పెంకుల మీద చినుకులు పడుతున్నట్టు గరగర, దాని వెనక ఫిడేలు. ఇంతలో కరెంటు పోయింది.

ఫోనూ దాని పక్కనున్న అగ్గిపెట్టెంత ఆంప్లిఫయరూ బ్యాటరీ మీద నడుస్తాయి కాబట్టి పాట ఆగలేదు. తక్కినవన్నీ ఆగాయి. ఫ్యాను నెమ్మదించి నెమ్మదించి, చివర టక్కుమని నిలిచింది. వంటింట్లో ఫ్రిజ్ ఒక్కసారి వణికి ఊరుకుంది. పక్కింటి టీవీ లేదు. ఎదుటి అపార్టుమెంటు నీళ్ల మోటారు లేదు. అది అంతవరకు తిరుగుతోందన్న సంగతే ఆగాక గాని నాకు తెలియలేదు. వాల్యూము నేను ముట్టుకోలేదు. ఫిడేలు తనంతట తాను ముందుకు వచ్చింది. కమాను పైనుంచి కిందికి తిరిగే చోట చిన్న ఊపిరిలాంటిది ఉంది, అన్నాళ్లూ దాన్ని ఫ్యాను తినేసింది. వేలు తీగ మీద జారి, స్వరాన్ని అంటీ అంటకుండా తాకి వెనక్కి వచ్చే తోవ అంతా వినిపించింది. ఆ రికార్డుల నాటికి స్టీరియో లేదు, ఎడమా కుడీ తేడా ఉండదు. మూత ఉన్న హెడ్‌ఫోన్లలో అలాంటి పాట నడినెత్తిన మేకు కొట్టినట్టుంటుంది. ఇక్కడ నుదుటికి జానెడు ముందుకు జరిగి నిలిచింది. జానెడే. అంతకంటే ఎక్కువ చెబితే అబద్ధమవుతుంది.

తర్వాత ఒక గాత్ర కచేరీ పెట్టాను. సభలో ఎడమ పక్క ఎవరో దగ్గారు. మైకుకు ఎర్తు సరిగా లేదు, 50 హెర్ట్జ్ రొద సన్నగా ఉంది. అది పట్టుకోకుండా ఉండడం నా వల్ల కాదు, చేసిన ఉద్యోగం అలాంటిది. ఆ రొదకు పైన తంబూరా, దాని తీగలు వరసగా. పంచమం, రెండు సారణలు, మంద్ర షడ్జం, మళ్లీ పంచమం. తీగ కింద పెట్టే దారప్పోగు వల్ల పుట్టే ఆ జుమ్మనే నాదం ఒక్కో తీగకు విడివిడిగా లేచి, ఒకదాని మీద ఒకటి వాలి, చల్లారకముందే ఇంకొకటి. గాయకుడు చరణం ఎత్తుకునే ముందు తీసుకున్న గాలి కూడా వినిపించింది.

నలభై నిమిషాలు కరెంటు రాలేదు. చెమట కారి, చెవుల చుట్టూ ఉన్న మఖమల్ మెత్తలు తడిసి ముద్దయ్యాయి. మా ఆవిడ అరుగు మీద విసనకర్రతో కూర్చుని "కరెంటు వాళ్లకు ఫోను చేశారా?" అని రెండు సార్లు అడిగింది. "ఎంగేజి వస్తోంది" అన్నాను. చేయనే లేదు. ముప్పై ఏడేళ్లు ఫోన్ల శాఖలో పని చేసినవాడి నోటి నుంచి రావలసిన అబద్ధం కాదది. ఇది మీరు అచ్చు వేస్తే ఆవిడకు ఇప్పుడే తెలుస్తుంది.

కరెంటు వచ్చింది. ఫ్యాను తిరిగింది, ఫిడేలు తన పాత చోటికి వెనక్కి వెళ్లిపోయింది.

ఆ రాత్రి నాకు గొల్లపల్లి గుర్తుకొచ్చింది. తొంభైల్లో బొబ్బిలి వైపు ఒక కొత్త కనెక్షను ఇవ్వడానికి వెళ్లి, పనయ్యాక వీణలు చేసే ఇంట్లో మంచినీళ్లు అడిగాను. ఒకే పనస దుంగలోంచి కుండా దండీ కలిపి తొలిచే ఏకాండి వీణలు వారివి. నలుగురు ఉలులతో కొడుతున్నారు, పొట్టు ఎగురుతోంది, మాటలు నడుస్తున్నాయి. ఒక పెద్దాయన ఇంకా తీగలూ మెట్లూ లేని వీణ బొందెను ఒడిలోకి తీసుకుని చెయ్యి పైకెత్తాడు. ఉలులు ఆగాయి. మాటలు ఆగాయి. చేతిలో గ్లాసు పట్టుకుని నేనూ ఆగాను. ఆయన కుండ మీద వేలితో తట్టి, చెవి ఆనించి విని, లోపల ఒక చోట గోటితో గుర్తు పెట్టాడు, ఇంకా చెక్క తీయాలని. మళ్లీ ఉలులు మొదలయ్యాయి. మొత్తం ఒక నిమిషం పట్టి ఉంటుంది. వినవలసిన మనిషి ఒకడైతే ఆగవలసినవాళ్లు అయిదుగురు.

ఇప్పుడు అసలు సంగతి. మా వీధిలో ఒక అమ్మాయి మన విజయనగరం సంగీత కళాశాలలో వయొలిన్ నేర్చుకుంటోంది. 1919లో పెట్టిన కళాశాల అది. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసుగారు మొదటి అధ్యక్షులు. నాయుడుగారు అక్కడ ఆచార్యులై, 1936లో అధ్యక్షులయ్యారు. ఘంటసాలగారు జోలె పట్టి, వారాలు చేసుకుని చదువుకున్నది అక్కడే. సుశీలగారిదీ ఈ ఊరే, ఆ చదువే. ఇవన్నీ మీ పాఠకులకు కంఠోపాఠం, సభల్లో ప్రతి వక్తా చెబుతాడు. నేను చెప్పేది ఆ అమ్మాయి సంగతి.

గురువుగారు "నాయుడుగారి వాయిద్యం విను" అన్నారట. ఆ పిల్ల వింటోంది, ఫోను అడుగున ఉన్న అగ్గిపుల్ల తలంత స్పీకరులో. ఒకనాడు మా అరుగు మీద కూర్చుని అలాగే వింటుంటే పిలిచి నా హెడ్‌ఫోను పెట్టాను. మెత్తలు తుడిచే పెట్టాను. మొదట ఏమీ అనలేదు. తర్వాత కుడి చెయ్యి దానంతటదే లేచింది, లేని కమాను పట్టుకున్నట్టు. అదే ముక్క నాలుగు సార్లు వెనక్కి తిప్పి విని, తీసి నా చేతికిచ్చి, "తాతగారూ, కమాను ఎక్కడ తిప్పారో వినబడుతోంది. నేను తప్పు చోట తిప్పుతున్నాను" అంది.

ఆ రోజు నుంచి వారంలో రెండు సాయంత్రాలు వస్తుంది. తరవాత ఒక స్నేహితురాలిని తెచ్చింది, ఆమె ఇంకొకరిని. ఒక హెడ్‌ఫోను, ఒక అరుగు, ముగ్గురు పిల్లలు. అదీ ఫంక్షన్ హాలు ఖాళీగా ఉన్న సాయంత్రాలే. అవును, మా ఇంటికి రెండు వీధుల అవతల ఒక ఫంక్షన్ హాలు ఉంది. పేరు అనవసరం, ఇలాంటిది ఈ ఊళ్లో ప్రతి పేటకూ ఉంది. అక్కడ పెద్ద పెట్టెలు మోగితే మా ముందు గదిలో మంచినీళ్ల గ్లాసులో అలలు లేస్తాయి. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం ఇళ్ల మధ్య పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ మించకూడదు. రాత్రి అంటే పది నుంచి ఆరు. పదకొండు గంటలకు నా గదిలో కిటికీలు మూసి ఫోనులోని యాప్‌తో చూస్తే 60 దాటింది. యాప్ లెక్క కోర్టులో నిలబడదని నాకూ తెలుసు, గ్లాసులో అలలకు యాప్ అక్కర్లేదు. పైడితల్లి అమ్మవారి సిరిమాను నాడు ఊరంతా మోగినా నాకు ఫిర్యాదు లేదు. ఆ రోజు మోగకపోతే ఊరికి అందం ఏముంది?

మీ వ్యాసానికి నా జవాబు కూడా ఇందులోనే ఉంది. వారానికి నలభై గంటలు వినేవారికి 80 డెసిబెల్స్ దాకా ఫరవాలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. మూడు డెసిబెల్స్ పెరిగితే శక్తి రెట్టింపు, కాబట్టి వినదగిన సమయం సగం. 83కి ఇరవై గంటలు, 86కి పది. కుర్రవాడు బస్సెక్కి విశాఖపట్నం వెళుతూ, ఇంజను రొదను మించి పాట వినాలని ఎంతకు పెంచుతాడో ఆలోచించండి. వాడికి పాట గట్టిగా వినాలని లేదు, బస్సు వినబడకూడదని ఉంది. నా జాలీ హెడ్‌ఫోను పెట్టుకుంటే వాడి గతి ఇంకా అన్యాయం. బస్సు మొత్తం చెవిలోకి వస్తుంది, వాడి పాట బస్సు మొత్తానికి వెళుతుంది. బస్సుకు మూత ఉన్నదే సరి. ప్రతిదానికీ ఒక చోటు ఉంటుంది.

అలాగని ఈ ఓపెన్ బ్యాక్‌ను ఆకాశానికెత్తడం లేదు. అడుగు స్వరాల్లో బరువు తక్కువ. మృదంగం తొప్పి వైపు దెబ్బ తెలుస్తుంది గాని గుండెకు తగలదు. ఇక మన తప్పెటగుళ్ల సంగతైతే ఏ హెడ్‌ఫోనుకూ చేతకాదు. గుండెకు కట్టుకుని వాయించే వాద్యాన్ని గుండెతో వినాలంటే ఆ గుంపు పక్కన నిలబడడం ఒక్కటే దారి. పైగా మా ఎండలకు ఒక గంటకు మించి పెట్టుకోలేము. ఖరీదు సంగతి సరేసరి. నాలాంటి పింఛనుదారుకే ఇంత ఆలోచన అయితే, పల్లెల నుంచి వచ్చి అద్దె గదుల్లో నలుగురు కలిసి ఉండే విద్యార్థి ఏం కొనగలడు? కొన్నా ఆ గదిలో ఎలా వింటాడు?

అందుకని అడుగుతున్నాను. మన ఊళ్లో చదువుకోవడానికి గదులున్నాయి. అక్కడ "నిశ్శబ్దము పాటించుడు" అని బోర్డులున్నాయి. వినడానికి ఒక గది పెట్టండి. కొత్త భవనం అక్కర్లేదు. వాడకంలో లేని సర్కారీ గది ఒకటి చాలు, పది అడుగులకు పది. దూరపు ఊళ్ల ఫోన్లు కలిపే పాత ట్రంకు బోర్డు గదుల్లో ఆపరేటర్ల మాటలు కలగాపులగం కాకుండా గోడలకు చిల్లుల అట్టలు కొట్టేవారు. అవి దొరక్కపోతే మన బొంతలు వేలాడదీసినా పని చేస్తాయి. తలుపు బరువుగా ఉండాలి, కింద సందుకు రబ్బరు పట్టీ కొట్టాలి. ఫ్యాను బదులు, గది బయట పెట్టే యంత్రంతో ఏసీ. ఒక పాత కంప్యూటర్, ఒక ఆంప్లిఫయరు, రెండు జతల హెడ్‌ఫోన్లు. ఒకటి పాడైతే ఇంకొకటి అని రెండు, ఇద్దరు ఒకేసారి వినడానికి కాదు. ఇవి ఒకరి పాట ఇంకొకరికి చేరవేస్తాయని మా ఆవిడ ముందే తేల్చింది. గంటకు ఒకరు, రిజిస్టరులో సంతకం, ఎవరి మెత్తల తొడుగులు వారు తెచ్చుకోవాలి. నా అంచనాలో మొత్తం లక్ష రూపాయల చుట్టూ అవుతుంది.

పాటలు ఎక్కడివి అంటారా? ఈ జిల్లాలో ఎన్ని అటకల మీద గ్రామఫోను రికార్డులు, విశ్రాంత మాస్టర్ల ఇళ్లలో ఎన్ని కచేరీ క్యాసెట్లు బూజు పట్టి ఉన్నాయో! ప్రచురించి అరవై ఏళ్లు దాటిన రికార్డింగుకు మన చట్టం ప్రకారం హక్కుల చిక్కు ఉండదు. నాయుడుగారు 1964లో పోయారు. ఆయన బతికుండగా వెలువడిన రికార్డులన్నిటికీ ఆ గడువు తీరింది. తక్కినవాటికి అనుమతులు అడగవచ్చు. ఇచ్చేవారు ఇస్తారు.

ఇది ఎవరు చేయాలో, ఏ శాఖ కిందికి వస్తుందో తేల్చే ఓపిక నాకు లేదు. అది తెలిసినవాళ్లు మీ పత్రిక చదువుతారని రాస్తున్నాను. క్యాసెట్ల నుంచి పాటలు ఎక్కించడం, తీగలు తెగితే అతకడం, మెత్తలు ఉతకడం నేను చేస్తాను, జీతం అక్కర్లేదు. మంగళ, శుక్రవారాలు తప్ప. ఆ సాయంత్రాలు మా అరుగు మీద ముగ్గురు పిల్లలు ఉంటారు. తాళం ఎవరిస్తారో చెబితే సోల్డరింగ్ ఐరన్ నాదే తెచ్చుకుంటాను.

ఇట్లు,
విశ్రాంత ఫోన్ల మెకానిక్,
కంటోన్మెంటు, విజయనగరం